ట్రాఫిక్ చెకింగ్‌లో డ్యాష్‌క్యామ్: రెండు వేసవులు వాడాక

ట్రాఫిక్ చెకింగ్‌ను రికార్డు చేద్దామని డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దానికి బిగించే కెమెరా) కొనేవాళ్లలో చాలామంది ముందుకు చూసే ఒక్క కెమెరాతో సరిపెట్టుకుంటారు. ఆ పనికి అది చాలదు. ఎస్సై వచ్చి నిలబడేది డ్రైవర్ కిటికీ దగ్గర. ముందు కెమెరాలో పడేది బ్యారికేడూ, ఎదుటి బండి నంబర్ ప్లేటూ మాత్రమే. హైదరాబాద్ రోడ్ల మీద రెండు వేసవులు వాడింది రెండు కెమెరాల సెట్: బయటికి 1440పి స్పష్టత ఉన్నది, లోపలికి చీకట్లోనూ కనిపించేలా ఇన్‌ఫ్రారెడ్ ఉన్న 1080పి. ఈ పనికి లోపలి కెమెరాయే అసలుది.

పోలీసును వీడియో తీయొచ్చా? తీయొచ్చు. రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును రికార్డు చేయకూడదనే సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో లేదు. అధికార రహస్యాల చట్టం పేరెత్తి భయపెట్టేవాళ్లున్నారు. ఆ చట్టంలోని ‘నిషిద్ధ ప్రదేశం’ కిందికి పోలీస్ స్టేషనే రాదని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2022లో చెప్పింది, ఇక నడిరోడ్డు ఎలా వస్తుంది? కేరళ అయితే 2011 నాటి పోలీసు చట్టం 33వ సెక్షన్‌లోనే, పోలీసు చర్యను జనం చట్టబద్ధంగా రికార్డు చేస్తుంటే ఏ పోలీసూ అడ్డుకోకూడదని రాసిపెట్టుకుంది. అలాంటి వాక్యం ఒకటి మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంటే రోడ్డు మీద సగం వాదనలు తగ్గుతాయి. బండిని సోదా చేసి ఏదైనా స్వాధీనం చేసుకుంటే ఆ పనిని పోలీసులే ఆడియో, వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 105వ సెక్షన్ అంటోంది, అదీ వీలైతే మొబైల్‌తోనే.

చిక్కు వచ్చేది వీడియో తీసినందుకు కాదు, తీసే పద్ధతి వల్ల. బండి కదులుతుండగా ఫోన్ చేతిలోకి తీసుకుంటే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్ అవుతుంది. మొహం మీదికి ఫోన్ పెట్టినా, పక్క బండి ఆపుతున్న కానిస్టేబుల్‌కు అడ్డంగా నిలబడినా విధులకు ఆటంకం కలిగించారని బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 221వ సెక్షన్ పెట్టే వీలు మీరే ఇచ్చినట్టు. చెయ్యి తగిలిందంటే అధికారి మీద దాడికి పెట్టే 132 దాకా పోతుంది. డ్యాష్‌క్యామ్ గొప్పతనం ఇక్కడే: చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి. ఆపమనకముందు నుంచే నడుస్తోంది కాబట్టి మొదటి మాట ఎవరు ఎలా అన్నారో కూడా అందులో ఉంటుంది.

బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, డ్రైవర్ అద్దం పూర్తిగా దించండి. సగం దించితే అద్దం అంచు సరిగ్గా నేమ్ ప్లేట్ మీదుగా పోతుంది. లోపలి కెమెరాను ముందు అద్దానికి మధ్యలో కాకుండా కాస్త ఎడమకు జరిపి, కుడి కిటికీ వైపు తిప్పి బిగిస్తే భుజం నుంచి జేబు దాకా ఫ్రేమ్‌లోకి వస్తుంది. పగటిపూట కిటికీ బయటంతా తెల్లగా పేలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించాలి. రాత్రి టార్చ్ లోపలికి కొడితే కొన్ని సెకన్లు ఏమీ కనిపించదు, అప్పుడు ఆడియోనే దిక్కు. మైక్ ఆన్‌లో ఉందో లేదో కొన్న రోజే చూసుకోండి. మాట లేని వీడియోలో చలాన్ ఎంత అన్నారో, ఎందుకన్నారో తెలియదు.

‘సార్, ఇందులో కెమెరా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మాటలూ రికార్డవుతాయి’ అని ఒక్కసారి చెప్పి, లైసెన్సు, ఆర్సీ డిజిలాకర్‌లో చూపించండి. వాదన పెట్టుకోవద్దు. యూనిఫాంలో ఉన్న అధికారి అడిగితే లైసెన్సు చూపించాల్సిందే, మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్. బ్రీత్ టెస్టుకు దిగమంటే డ్యాష్‌క్యామ్ మీ వెంట రాదు. అప్పుడు ఫోన్‌ను ఛాతీ ఎత్తులో, రెండడుగులు వెనక్కి నిలబడి పట్టుకోండి. మిషన్ మీది అంకెను దగ్గరగా తీయండి. 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం.

ఇక కార్డు. రెండు కెమెరాలకూ కలిపి గంటకు దాదాపు 11 జీబీ పడుతుంది. 128 జీబీ కార్డు అంటే పదకొండు గంటలు. ఆపైన పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. చెకింగ్ అయిపోగానే లాక్ బటన్ నొక్కకపోతే, రోజంతా తిరిగే బండిలో మర్నాటికి ఆ క్లిప్ ఉండదు. లాక్ నొక్కినా దాదాపు ఆ ఒక్క క్లిప్పే నిలుస్తుంది కాబట్టి క్లిప్ నిడివి 3 నిమిషాలకు పెట్టుకుని, అంతకుముందుదీ తర్వాతదీ ఫోన్‌లోకి దించుకోవాలి. మామూలు కార్డు ఏడాది తిరక్కముందే మొరాయించింది, ఆగకుండా రికార్డు చేసినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకమే కొనాలి. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా మే నెల ఎండలో ఉబ్బుతుంది. బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది చూసుకోండి. దానికీ ఒక లోపముంది. బండి పది రోజులు కదలకపోతే గడియారం మొదటికి వచ్చేస్తుంది. తప్పు తేదీ పడిన వీడియోను కోర్టులో ఎదుటి లాయరు మొదటి ప్రశ్నకే పక్కకు నెట్టిస్తాడు. జీపీఎస్ ఉన్న మోడల్ టైమ్ తనే దిద్దుకుంటుంది, ఆ అదనపు డబ్బు పెట్టండి.

సాక్ష్యంగా పనికి రావాలంటే కార్డులోని మూల ఫైలే కావాలి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో హాష్ విలువ, అంటే ఆ ఫైల్‌కు వేలిముద్ర లాంటి అంకెల కోడ్, రాయాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఫైల్ కుదించుకుపోయి హాష్ మారిపోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపి, కార్డును తీసి కవర్లో పెట్టి, తేదీ, చోటు, బండి నంబర్ రాసుకోండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటామంటే రసీదు అడగండి. ‘వీడియో డిలీట్ చెయ్’ అన్నా చేయకండి. సాక్ష్యంగా వాడకుండా రికార్డును చెరిపేయడం బీఎన్‌ఎస్ 241 కింద నేరం. అధికారి ఛాతీ మీద బాడీ కెమెరా కనిపిస్తే ఆ టైమ్ రాసుకుని, ఆ రికార్డింగ్ కోసం వారంలోపే 10 రూపాయలతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి.