పాత భవంతికి చెయ్యి పెట్టే ముందు: వరంగల్ చుట్టూ మూడు రోజులు

తాతల నాటి పెంకుటిల్లు బాగు చేయించాలనుకోగానే మేస్త్రిని పిలుస్తారు. ఆయన వచ్చి మట్టి గోడలు చెక్కి సిమెంటు కొడదామంటాడు, గూన పెంకులు దింపి రేకులు వేద్దామంటాడు. ఆ మాటకు తలూపే ముందు ఓ మూడు రోజులు ఇటు తిరిగి రండి. వానాకాలంలో, శ్రావణం అటూ ఇటుగా వస్తే మంచిది. ఎండాకాలంలో ఏ పాత ఇల్లయినా గట్టిగానే కనబడుతుంది. ఎక్కడ కారుతోందో, గోడ ఎంతెత్తు దాకా చెమ్మ పీలుస్తోందో వానలోనే తెలుస్తుంది. పని మాత్రం దసరా దాటాక పెట్టుకుని, మృగశిర కార్తెకు ముందే కప్పు మూసేయాలి.

మొదటి రోజు హనుమకొండ. వేయి స్తంభాల గుడి ఎదుటి కళ్యాణ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. విప్పడం తేలిక, పేర్చడం కష్టమని దాని ముందు నిలబడితే అర్థమవుతుంది. ఇంట్లో కూడా దూలం, దంతె (దూలాల మీద అడ్డంగా వేసే కర్ర), దర్వాజ ఏది దింపినా ముందు నంబరు వేయాలి. సుద్ద ముక్కతో రాస్తే మొదటి వానకే పోతుంది కాబట్టి ఆయిల్ పెయింటుతో, గోడలోకి పోయే కొసన రాయాలి. అదే నంబరు ఇంటి పటం మీదా ఉండాలి. దింపిన టేకును నేల మీద పడేయొద్దు. రాళ్లు పెట్టి, పొరకూ పొరకూ మధ్య పుల్లలు వేసి పేరిస్తే వంకర పోదు.

వరంగల్ కోటలో అందరూ తోరణాల దగ్గరే ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఇల్లు కట్టేవాళ్లు చూడాల్సింది బయటి మట్టి కోట. కాకతీయుల కాలం నుంచి ఆ మట్టికట్ట నిలిచే ఉంది. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, నీళ్లు నిలవనివ్వని వాలు. మట్టి గోడకు కావలసింది ఇదే.

రెండో రోజు ములుగు వైపు పోవాలి కాబట్టి బస హనుమకొండలో పెట్టుకోవడం నయం. రైలు దిగి రాత్రికి తలదాచుకోవడానికైతే వరంగల్ స్టేషన్ దగ్గరి లాడ్జీలు చాలు. కారు మాట్లాడితే కిలోమీటర్ల లెక్క కారు షెడ్డులో బయల్దేరి తిరిగి షెడ్డు చేరేదాకానా, మీరెక్కిన చోటు నుంచా అని ముందే అడగండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

రెండో రోజు పాలంపేట రామప్ప. బస్సులో వెళ్తే చివరి కొద్ది దూరం ఆటోలోనే పోవాలి, సాయంత్రం తిరుగు ఆటో దొరకడం కష్టం కాబట్టి వెళ్లిన ఆటోనే ఆపుకోండి. మేడారం జాతర ఏడాది మాఘంలో ఈ దారిలో గది కోసం తిరగడం వృథా. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో శిఖరానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. పునాది కింద ఇసుక నింపిన సంగతి అందరూ చెబుతారు, కానీ అది గుడి కోసం చేసిన పని, ఇంటికి అనుకరించేది కాదు. మనం తెచ్చుకోవలసింది పైన బరువు తగ్గించాలన్న తెలివి. నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకు దాదాపు 250 కిలోలు తూగుతుంది. మట్టి గోడల మీద అది వేస్తే గోడ ఉబ్బి పక్కకు తోస్తుంది.

మూడో రోజు దోమకొండ గడి, అంటే పాత సంస్థానాధీశుల కోట. కరీంనగర్, సిరిసిల్ల మీదుగా పూట ప్రయాణం, అయినా ఈ మూడింట్లో మనకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఆ సంస్థానాధీశుల కుటుంబమే బాగు చేయించిన ఈ గడికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. ప్రైవేటు ఆస్తి కాబట్టి ముందు కనుక్కుని వెళ్లండి.

ఇక సున్నం సంగతి. నేల చెమ్మ గోడలోకి ఎక్కడం సహజం, అది బయటికి పోయే దారి ఉండాలి. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకెక్కి, ఉప్పు లోపలే పేరుకుని, కొన్నేళ్లకు పూత మట్టితో సహా పలకలు పలకలుగా ఊడిపోతుంది. సున్నం గచ్చు అలా కాదు, ఊపిరాడనిస్తుంది. గుంతలో ముందు నీళ్లు పోసి, అందులో కాల్చిన సున్నపు గడ్డలు వేసి కనీసం మూడు వారాలు నాననివ్వాలి. నీళ్లలో గడ్డలు వేయాలి గానీ గడ్డల మీద నీళ్లు కుమ్మరించకూడదు, ఉడికి కళ్లలో పడుతుంది. జల్లెడ పట్టిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, ఇటుక పొడి ఒక పాలు. దంచిన కరక్కాయ, బెల్లం వారం పది రోజులు నానబెట్టి వడకట్టిన నీళ్లతో కలిపితే పట్టు పెరుగుతుంది. గోడ తడిపి, పూత అర అంగుళం దాటకుండా వేసి, పది రోజులు తడి గోనె కప్పాలి. ఎండలో వేస్తే వెంట్రుక పగుళ్లు, పొడి గోడ మీద వేస్తే ఊడిపోవడం ఖాయం. సుతారి మేస్త్రి సున్నం ఒక్క రాత్రి నానితే చాలంటే ఇంకొకరిని వెతకండి. దొరికినవాడితో రెండడుగుల గోడ పూయించి, పదిహేను రోజులు ఆగి చూసి అప్పుడు బయానా ఇవ్వండి.

దూలాలు గోడలో దూరిన కొసల్లోనే పుచ్చుతాయి. పెద్ద మేకుతో పొడిస్తే అరంగుళం దిగిందంటే ఆ కొస తీసేయాల్సిందే. మొత్తం దూలం మార్చక్కర్లేదు, పుచ్చిన భాగం కోసి, దూలం ఎత్తుకు మూడింతల పొడవున ఏటవాలుగా కొత్త టేకు అతికి బోల్టులు వేస్తే సరి. కూల్చిన ఇళ్ల టేకు దుకాణాల్లో ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. రసీదు లేకుండా బండి ఎక్కించొద్దు, అటవీశాఖ వాళ్లు దారిలో ఆపుతారు. గూన పెంకులు కొత్తవి చేసే కుమ్మరులు అరుదు, పాతవే ఏరుకోవాలి. కోతులు పగలగొడతాయి కాబట్టి వందకు పదిహేను ఎక్కువ కొనండి.

హైదరాబాద్ వైపు వెళ్లేవాళ్లు జనగామ దాటాక పెంబర్తిలో ఆగొచ్చు. ఇక్కడిది ఇత్తడి రేకును కొట్టి చెక్కే పని. దర్వాజకు తొడుగు, గుబ్బల పలకలు చేయించుకోవచ్చు, పోత పోసిన బందులు, గొళ్లేలు మాత్రం వేరే చోట చూసుకోవాలి. కొలతలు నోటితో చెప్పకుండా, తలుపు మీద కాగితం పరిచి మేకు రంధ్రాలతో సహా గీసుకుని తీసుకెళ్లండి.