మాతృ వందన ఐదు వేలు: చించినాడ వంతెనకు అటూ ఇటూ

మొదటి విడత మూడు వేల రూపాయలు మా నాన్న బటన్ల ఫోనులో నాలుగు నెలలు పడుకున్నాయి. ఆ సంగతి తెలియక మా ఆయన సచివాలయానికి మూడుసార్లు, బ్యాంకుకు రెండుసార్లు తిరిగారు. గర్భిణులకు, బాలింతలకు సాయంగా ఇచ్చే ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో డబ్బు ఇవ్వరని ఎవరైనా అంటే నమ్మకండి. ఇస్తారు. ఎక్కడికి ఇచ్చారో వెతుక్కునే పని మాత్రం మనది.

నేను పాలకొల్లు దగ్గర ఒక చిన్న రైస్ మిల్లులో లెక్కలు రాసేదాన్ని. జట్టు కూలీలను కలుపుకున్నా పది మంది ఉండరు. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, లేదు. ఈఎస్ఐ ఉన్న చోట పనిచేసే మా తోడికోడలికి కాన్పుకు 26 వారాలు డబ్బుతో సెలవు దొరికింది. నాకు ఏడో నెలలో దొరికింది మా యజమానిగారి ఆశీర్వాదం, ఒక బస్తా సన్న బియ్యం. ఐదు వేలంటే నా నెల జీతంలో సగం కూడా కాదు. అయినా చేతిలో జీతం లేని నెలల్లో ఆ సగం విలువ వేరు.

2017లో ఈ పథకం మొదలైనప్పుడు ఐదు వేలను మూడు విడతలుగా ఇచ్చేవారు. 2022 నుంచి మొదటి కాన్పుకు రెండే విడతలు. గర్భం నమోదై, కనీసం ఒక్కసారి డాక్టరు పరీక్ష జరిగితే 3,000. బిడ్డ పుట్టుక నమోదై, పద్నాలుగో వారం టీకాలు పడ్డాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000 ఇస్తారు. ఇది విని మా ఆడపడుచు, "మగపిల్లాడు పుడితే మనమే తిరిగి కట్టాలా వదినా?" అని అడిగింది.

అత్తవారి ఊరి అంగన్‌వాడీకి నేను పదికి పది వేస్తాను. మూడో నెలలో వెళ్లాను. టీచరుగారు కోడిగుడ్ల అట్టలు పక్కకు జరిపి బల్ల మీద చోటు చేశారు. నా ఆధార్ కార్డును, ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డును పక్కపక్కన పెట్టి రెండింటి మీదా చెరో వేలు ఆనించారు. "చూడమ్మా, ఇక్కడ నీ పుట్టింటి ఇంటిపేరు, ఇక్కడ అత్తింటి ఇంటిపేరు. మనకు నువ్వు ఒక్కదానివే. కంప్యూటర్ లెక్కలో మీరు ఇద్దరు" అన్నారు. దరఖాస్తులో ఆధార్‌లో ఉన్న పేరే రాయించి, కార్డులోది ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారి చేత దిద్దించారు. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురి దరఖాస్తులు ఈ ఇంటిపేరు దగ్గరే ఆగిపోయాయి. పెళ్లయిన వెంటనే కార్డులన్నీ ఒక పేరుకు తెచ్చుకోమని మనకు ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన పెద్దలందరూ ఆ సమయంలో సారె లెక్కలో ఉంటారు. ఇంకో మాట, ఇప్పుడు భర్త ఆధార్ తప్పనిసరి కాదు. భర్త దగ్గర లేని ఆడవాళ్లు ఆ ఒక్క కారణంతో వెనక్కి తగ్గనవసరం లేదు.

దరఖాస్తుతో పాటు పాస్‌బుక్ జిరాక్స్ కూడా ఇచ్చాం కదా, డబ్బు అందులోకే వస్తుందని నిశ్చింతగా కూర్చున్నాం. పొరపాటంతా అక్కడే జరిగింది. ఈ డబ్బు పాస్‌బుక్ చూసుకుని రాదు. మన ఆధార్ నంబరు అన్నిటికన్నా చివరగా ఏ బ్యాంకుతో ముడిపడిందో, నేరుగా ఆ ఖాతాకు పోతుంది. ఈ ఒక్క ముక్క బ్యాంకులో మా ఆయనకు మొదటిరోజే చెప్పి ఉంటే సరిపోయేది. కౌంటరులో ఉన్నాయన పాస్‌బుక్ ముద్రించి ఇచ్చి, "రాలేదండీ" అని మాత్రం చెప్పారు. సచివాలయంలో ఒకసారి పెండింగ్ అన్నారు, ఇంకోసారి సర్వర్ అన్నారు, మూడోసారి అడిగిన మనిషే సెలవులో ఉన్నారు.

ఈలోగా నేను పురిటికి గోదావరి అవతల అంబాజీపేట వైపు పుట్టింటికి వచ్చేశాను. సర్కారు ఆసుపత్రిలో పాప పుట్టింది. 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో పైసా ఖర్చు లేకుండా మా గుమ్మం ముందు దించారు. పుట్టుకను 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. అప్పటికి బారసాల కాలేదు కాబట్టి పేరు గడి ఖాళీగానే వదిలేశాం. పేరును ఏడాదిలోపు ఉచితంగానే చేర్పించుకోవచ్చు.

బారసాల అయిన మర్నాడు అంగన్‌వాడీ టీచరుగారు ఫోను చేశారు. "నీ మూడు వేలు ఎప్పుడో జమ అయినట్టు చూపిస్తోందమ్మా. ఏ బ్యాంకో ఆధార్ వెబ్‌సైట్‌లో చూసుకో" అన్నారు. మా తమ్ముడు తన ఫోనులో తెరిచాడు. లోపలికి వెళ్లాలంటే ఓటీపీ కావాలి. అది నా ఫోనుకు రాలేదు. పెరట్లో కొబ్బరికాయల ఒలుపు దగ్గర కూర్చున్న నాన్న చొక్కా జేబులో టింగుమంది.

అప్పుడు గుర్తొచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఫోను దుకాణంలో సిమ్ కొన్నాను. అక్కడి కుర్రాడు రెండుసార్లు వేలిముద్ర వేయించాడు. ఒకటి సిమ్‌కు. రెండోది, నాకు చెప్పకుండా తెరిచిన ఒక ఖాతాకు. పెళ్లయ్యాక నేను కొత్త నంబరు తీసుకున్నాను, పాత సిమ్ నాన్న ఫోనులోకి చేరింది. తమ్ముడు ఓటీపీ చూసి, ఆ ఫోను పుచ్చుకుని బటను నొక్కుతూ కిందికి పోయాడు. లాటరీ తగిలిందని ఒకటి, లోను ఇస్తామని నాలుగు, రీచార్జి చేయమని లెక్కలేనన్ని. వాటి అడుగున ఇంగ్లీషులో 3,000 జమ. "కంపెనీ వాళ్లు పంపిందనుకున్నానమ్మా" అన్నారు నాన్న, చేతికంటిన పీచు దులుపుకుంటూ.

వేలిముద్ర మీద డబ్బు ఇచ్చే కిరాణా కొట్టు మా వీధి చివరే ఉంది. మిషను రెండుసార్లు నా వేలిని కాదంది. పొద్దున్నే పాప ఒంటికి కొబ్బరి నూనె రాసి వచ్చాను మరి. చీర చెంగుతో గట్టిగా తుడిచి పెడితే మూడోసారి ఒప్పుకుంది.

ఇక ఆధార్‌ను అసలు బ్యాంకుకు మార్చాలి. మా ఆయన ఫారం పట్టుకుని నరసాపురం దగ్గర బైకుతో సహా గోదావరి దాటించే పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి వచ్చారు. సంతకం పెట్టి పంపాను. బ్యాంకులో ఖాతాదారు స్వయంగా రావాలన్నారు. రెండు నెలల పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని ఆటోలో చించినాడ వంతెన దాటి వెళ్లాను. పని ఐదు నిమిషాలు, నిరీక్షణ రెండు గంటలు. పాలు పట్టడానికి చోటేదని అడిగితే జనరేటరు గది చూపించారు. ఆ శాఖకు పదికి రెండు. ఆ రెండూ కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టిన కాపలా ఆయనవి.

పద్నాలుగో వారం సూదులు, చుక్కలు పుట్టింటి దగ్గరి ఉపకేంద్రంలోనే వేయించాం. వేరే జిల్లాలో టీకాలు వేయిస్తే రెండో విడత రాదేమోనని మా అత్తగారు కంగారుపడ్డారు. అలాంటిదేమీ లేదు. టీకాల పేజీ, పుట్టుక పత్రం ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపితే పాలకొల్లు వైపు టీచరుగారు మిగతాది ఎక్కించారు. దరఖాస్తు ఆలస్యమైందని మానేసిన వాళ్లుంటే బిడ్డ పుట్టిన 270 రోజుల గడువు సంగతి అంగన్‌వాడీలో వెంటనే అడగండి. వెళ్లే ముందు ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో చూసుకోండి. ఆ తర్వాత ఎవరైనా ఉచిత ఖాతా అంటూ వేలిముద్ర అడిగితే ఇవ్వకండి, ముడి మళ్లీ మారిపోవచ్చు.

రెండు వేలు ఈసారి నా ఖాతాలోనే, నా ఫోను మోగించి మరీ పడ్డాయి. నాన్నకు మాత్రం బెంగ పట్టుకుంది. ఆ ఫోనుకు ఏ మెసేజ్ వచ్చినా నాకు ఫోను చేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తున్నారు. నిన్న రాత్రి తొమ్మిదింటికి చదివింది రీచార్జి ఆఫరు.