మూడేళ్లుగా నా చేతికున్న రిస్ట్ స్ప్లింట్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న షాపులో జాకెట్లు కుడతాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. 2022 దసరా ముందు, బతుకమ్మకి ఇవ్వాల్సిన జాకెట్ల కోసం రాత్రి పన్నెండు దాకా కూర్చుంటున్న రోజుల్లో, కుడి చేయి మొద్దుబారడం మొదలైంది. పగలు అంతగా తెలిసేది కాదు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేసరికి చేయి నాది కానట్టు ఉండేది. లేచి కూర్చుని, తడి చేయి విదిలించినట్టు విదిలిస్తే కాసేపటికి తిమ్మిరి దిగేది. పడుకుంటే మళ్లీ అదే.

తెలిసినవాళ్లంతా మెడనరం అన్నారు. మెడికల్ షాపులో అడిగితే నరాల బిళ్ళలు ఇచ్చారు. మూడు నెలలు వేసుకున్నాను, మార్పు లేదు. ఒకరోజు హుక్కులు కుడుతుంటే లేత గులాబీ పట్టు మీద ఎర్రటి చుక్క కనబడింది. చూపుడువేలికి సూది గుచ్చుకుని రక్తం కారుతోంది, నాకు తెలియనే లేదు. ఆ మరకను చన్నీళ్లతో తుడుస్తున్నప్పుడు కూడా ఆ వేలికి నీళ్ల చల్లదనం సరిగ్గా తెలియలేదు. అప్పుడు భయమేసి, సంక్రాంతి అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన మొదట అడిగింది ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయని. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలిలో సగం. చిటికెనవేలు బాగానే ఉంది. ఆ లెక్కలోనే సగం జబ్బు తెలిసిపోతుందన్నారు, ఎందుకంటే చిటికెనవేలికి వెళ్లే నరం వేరు, దాని దారి వేరు. తర్వాత రెండు అరచేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచమన్నారు. అర నిమిషం కాకముందే కుడి చేతి వేళ్లలో జుమ్మని మొదలైంది. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారట.

ఆయన చెప్పింది నాకు నా పని భాషలో ఇలా అర్థమైంది. లంగాకి బొందు ఎక్కించడానికి నడుము దగ్గర మడిచి కుడతాం కదా, మణికట్టులో అలాంటి గొట్టం ఒకటి ఉంది. అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ గొట్టంలోంచి వేళ్లను ముడిచే స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు) తొమ్మిది, బొటనవేలి వైపు వేళ్లకు వెళ్లే మీడియన్ నరం ఒకటి, మొత్తం పది బొందులు వెళ్తాయి. లోపల కొంచెం వాచినా గొట్టం సాగదు, నలిగేది నరమే. నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు వంచి పడుకుంటాం, అందుకే రాత్రిపూట ఎక్కువ. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకీ గర్భిణులకీ ఇది తేలిగ్గా వస్తుందని చెప్పి రక్తపరీక్షలు రాశారు. నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని ఆ పరీక్షలోనే బయటపడింది. దాని బిళ్ళ అప్పటినుంచీ వేసుకుంటున్నాను. చేతికి మాత్రం స్ప్లింట్, అంటే మణికట్టు కదలకుండా పట్టి ఉంచే కట్టు, రాశారు.

కోఠిలో ఒక సర్జికల్ షాపులో 480 రూపాయలకు కొన్నాను. రిస్ట్ బెల్ట్ అని అడిగితే కొన్నిచోట్ల ఉత్త సాగే పట్టీ ఇస్తారు, దానితో ఈ జబ్బుకు లాభం లేదు. లోపల అరచేతి వైపు అల్యూమినియం రేకు ఉన్నది కావాలి. కుడికీ ఎడమకీ వేరువేరుగా వస్తాయి. సైజు మణికట్టు చుట్టుకొలతను బట్టి ఉంటుంది, టేపుతో కొలుచుకుని వెళ్లండి.

మొదటి మూడు నెలలు దీన్ని తప్పుగా వాడాను. పగలంతా పెట్టుకోమని షాపులో చెప్పారు, నేను అదే నమ్మాను. కటింగ్ చేసేటప్పుడు మణికట్టు తిరగదు కాబట్టి మోచేయి పైకి లేపి కత్తెర ఆడించేదాన్ని. వారం తిరక్కుండానే భుజం పట్టేసింది. రాత్రికి విసుగొచ్చి తీసేసేదాన్ని. అంటే అవసరమైన టైములో చేతికి లేదు, అవసరం లేనప్పుడు ఉంది. ఇక దీనితో పని కాదని పక్కన పడేసే ముందు, మా కాలనీలో ఉండే ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయికి చూపించాను. ఆమె జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది.

ఆమె స్ప్లింట్‌ని బల్ల మీద పక్కకి తిప్పి పెట్టి, "అక్కా, ఈ రేకు చూడండి, మీ చేతిని వెనక్కి ఎత్తి పెడుతోంది" అంది. నిజమే. జేబులోంచి రేకు బయటికి లాగితే పడవ ముక్కులా పైకి వంగి ఉంది. రెడీమేడ్‌గా వచ్చేవి చాలావరకు ఇలా ఇరవై, ముప్పై డిగ్రీలు వంచే వస్తాయట. వేరే అవసరాలకు ఆ వంపు మంచిదే. ఈ జబ్బుకు మాత్రం మణికట్టు తిన్నగా ఉండాలి. కిందికి వంచినా పైకి వంచినా గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. ఆమె రేకుని నా కటింగ్ టేబుల్ అంచుకి ఆనించి రెండు చేతులతో నొక్కి నిటారుగా చేసింది. తిరిగి దూర్చి, కట్టి, పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉంచింది. పిడికిలి బిగించి చూడమంది. వేళ్ల మొదళ్లకు రేకు అడ్డం రాకూడదు. "పగలు తీసెయ్యండి. పడుకునేటప్పుడు మాత్రం ఒక్క రాత్రి కూడా మానొద్దు."

నాలుగో రాత్రి పాలప్యాకెట్ల బండి చప్పుడుకే మెలకువ వచ్చింది. ఇన్ని నెలల తర్వాత నేను తెల్లవారే దాకా నిద్రపోవడం అదే మొదలు. ఆరు వారాలయ్యేసరికి రాత్రి తిమ్మిరి దాదాపు పోయింది. ఎడమ చేతికి కూడా కొంచెం మొదలవుతోందని ఆ నెలలోనే దానికీ ఒకటి కొన్నాను. ఈసారి ఇంటికి తెచ్చిన రోజే రేకు తిన్నగా చేశాను.

వస్తువు గురించి చెప్పాలంటే, మన మే నెలలో ఇది కష్టమే. లోపలి ఫోమ్ చెమట పీల్చుకుని వాసన వస్తుంది, ముంజేతి మీద చెమటకాయలు లేస్తాయి. నేను మల్‌మల్ గుడ్డతో బొటనవేలికి కన్నం పెట్టి రెండు తొడుగులు కుట్టుకున్నాను. ముందు తొడుగు వేసుకుని దాని మీద కడతాను, రోజుకొకటి ఉతుక్కోవచ్చు. కుట్టడం రానివాళ్లు పాత కాటన్ సాక్సు ముందు భాగం కత్తిరించి వాడినా సరిపోతుంది. ఉతికేటప్పుడు రేకు తీసేసి, వెల్క్రో మూసి, చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. వెల్క్రో దీని బలహీనత. నా షాపులో దారపు పోగులన్నీ దానికే అంటుకునేవి, ఒకసారి కస్టమర్ చీర జరీ పోగు లాగేసింది. ఏడాదికల్లా పట్టు పోయింది. నేను కొత్త వెల్క్రో కొనుక్కొచ్చి మెషిన్ మీద కుట్టుకున్నాను. రేకు జేబు కింది కుట్టు కూడా విడిపోయి అంచు గుచ్చుకునేది, దానికి రెండు వరుసలు కుట్టాను. ఆ రిపేర్లతో ఎడమ చేతిది ఇప్పటికీ నడుస్తోంది.

ఇక అసలు చెప్పాల్సిన మాట. 2024 వేసవిలో కుడి చేతికి తిమ్మిరి లేదు, నొప్పి లేదు, రాత్రి నిద్ర బాగుంది. స్ప్లింట్ పనిచేసిందని నిశ్చింతగా ఉన్నాను. కానీ హుక్కు పట్టుకుంటే జారిపోయేది. కత్తెర తెరవడానికి బొటనవేలు సహకరించేది కాదు. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి లైటు కింద చూసుకుంటే, కుడి బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి కండ పల్చబడి చిన్న గుంటలా కనిపించింది. తిమ్మిరి తగ్గడం వేరు, నరం బాగుపడడం వేరు అని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ నరమే బొటనవేలిని అరచేతికి ఎదురుగా లేపే కండరాలను కూడా నడిపిస్తుంది. నరం ఎక్కువ కాలం నలిగితే కండ కరిగిపోతుంది. దాన్ని ఏ పట్టీ తిరిగి తేలేదు.

మెట్రో ఎక్కి పంజాగుట్ట వైపు ఒక ఆసుపత్రిలో నరాల పరీక్ష చేయించుకున్నాను. భయపడాల్సిందేమీ లేదు. మణికట్టు దగ్గర చిన్న షాక్ ఇస్తారు, బొటనవేలు టప్పున ఎగురుతుంది, ఆ కబురు అందడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో లెక్కిస్తారు. ఏసీ గదిలో నా చేతులు చల్లబడ్డాయని టెక్నీషియన్ పరీక్ష ఆపి, వేడినీళ్ల సంచి పట్టుకోమంది. చేయి చల్లగా ఉంటే మంచి నరం కూడా నెమ్మదిగా ఉన్నట్టు చూపిస్తుందట. తర్వాత బొటనవేలి కండలో సన్నటి సూది పెట్టారు, అది మాత్రం కొంచెం నొప్పి. ఎడమ స్వల్పం, కుడి తీవ్రం అని వచ్చింది. కుడికి ఆపరేషన్ తప్పదన్నారు.

పెళ్లిళ్లు ఉండవని ఆషాఢంలో చేయించుకున్నాను. అరచేతికి మాత్రమే మత్తు, పావుగంట పని. గొట్టం మీది పట్టీని కోసి వదులు చేస్తారు. కోత చుట్టూ నొప్పి మూడు నెలలు ఉంది, అది తగ్గాకే కత్తెర పట్టగలిగాను. నరం రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందన్నారు. మణికట్టు నుంచి వేలికొస దాకా లెక్కేసుకుని ఆరు నెలలు ఓపిక పట్టాను. వేళ్లకు స్పర్శ చాలావరకు వచ్చింది, సూది మొన తెలుస్తోంది. బొటనవేలి మొదటి గుంట పూర్తిగా నిండలేదు. కాజాలు ఇప్పుడు మా దగ్గర పనిచేసే అమ్మాయి కుడుతుంది.

తిమ్మిరి కొత్తగా మొదలైనవాళ్లకు, రాత్రిపూటే ఎక్కువగా ఉన్నవాళ్లకు, బొటనవేలిలో బలం ఉన్నవాళ్లకు ఈ స్ప్లింట్ కొనమని గట్టిగా చెబుతాను. ఐదు వందల్లో ఇంత నిద్ర ఇచ్చేది ఇంకోటి లేదు. వస్తువులు చేతిలోంచి జారుతున్నా, కండ పల్చబడినా దీన్ని కట్టుకుని కూర్చోకండి, ముందు నరాల పరీక్ష చేయించుకోండి. నేను ఆ పరీక్ష 2023లోనే చేయించుకుని ఉంటే నా కాజాలు నేనే కుట్టుకునేదాన్ని.

ఎడమ చేతికి పోయిన నెల మళ్లీ పరీక్ష చేశారు, 2024లో ఎంత ఉందో అంతే ఉంది, పెరగలేదు. కట్టుకోవడం కొనసాగించమన్నారు. ప్రతి ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని ఆ బొటనవేలి కండని నొక్కి చూసుకుంటాను.