కొర్రమీనా, బొచ్చెనా, రొయ్యనా: ఏది మేలు?

మిర్గం (మృగశిర కార్తె) వచ్చిందంటే నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా చేపల బజారులో అందరి చూపూ కొర్రమీను తొట్టి మీదే. తీరా ధర విన్నాక చాలామంది పక్కనున్న బొచ్చె, రవ్వల దగ్గరికే జరుగుతారు.

ధరలో ఆ తేడాకి కారణం వాటి తిండి. కొర్రమీను వేటాడి బతికే చేప. చిన్న చేపలు, కప్పలు దాని ఆహారం, మేత చాలకపోతే తన జాతి పిల్లల్నే మింగేస్తుంది. పెంచడం ఖర్చుతో కూడిన పని. బొచ్చె పైనీళ్లలో, రవ్వ నడుమ, మృగాల అనే చేప అడుగున మేస్తాయి కాబట్టి ఒకే చెరువులో మూడూ పెద్దగా పోటీ లేకుండా పెరుగుతాయి.

మరి మన తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకి అంత పెట్టొచ్చా? చిన్నపిల్లలుంటే పెట్టొచ్చు. నడిమి ముల్లు తీస్తే మిగిలేది దాదాపు కండే. పైగా అది గాలి పీల్చగలదు, నీళ్లు కొంచెమే ఉన్నా తొట్టిలో కదులుతూనే ఉంటుంది. బూడిద రాసి జిగురు పోయేదాకా రుద్దించి, కళ్లముందే కోయించుకోవాలి. చచ్చినదానికి అదే ధర పెట్టడం మాత్రం శుద్ధ దండగ.

ఇంట్లో అందరూ పెద్దవాళ్లే అయితే పులుసుకి నా ఓటు బొచ్చెకే. రెండు కిలోలకి తగ్గనిది తీసుకోండి. చేప పెద్దదైతే ముల్లు కూడా పెద్దదై చేతికి దొరుకుతుంది. పొట్ట ముక్కలో పక్కటెముకలే ఉంటాయి, సన్న ముళ్ల బాధ వీపు, తోక వైపే. తలకాయ వదిలేసి వస్తే సగం పులుసు బజారులో వదిలినట్టే. వేపుడైతే అంత పట్టింపు అక్కర్లేదు. జూరాల డ్యాం దగ్గర వేడివేడిగా ప్లేట్లో పెడుతుంటే అది ఏ చేప అని అడిగేవాళ్లు తక్కువే.

రొయ్య లెక్క వేరు. మన జలాశయాల్లో వదిలే నీలకంఠ రొయ్య ఇక్కడ పెరుగుతుంది కానీ ఇక్కడ తనంతట తాను సంతతి పెంచుకోలేదు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన దాని పసి పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, అందుకే కాస్త ఎదిగిన పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. తల, పెంకు తీస్తే తూకంలో సగం కూడా మిగలదు, కాబట్టి కిలో ధర చూసి చేపతో పోల్చకండి. ప్రొటీన్‌లో రొయ్య చేపకి తీసిపోదు, కొవ్వు తక్కువే, కొలెస్ట్రాల్ మాత్రం ఎక్కువ. రొయ్య తింటే దద్దుర్లు వచ్చేవాళ్లకి ఎంత ఉడికించినా లాభం లేదు, ఆ గుణం వేడికి పోదు. అలాంటివాళ్లు ఎండ్రకాయల జోలికి కూడా డాక్టర్‌ని అడగకుండా వెళ్లొద్దు.