మొరం గ్రౌండా, టర్ఫా? మన పిల్లలకు హాకీ ఎక్కడ మొదలుపెడితే మేలు?

హనుమకొండలో పిల్లలకు హాకీ నేర్పిద్దామనుకునే తల్లిదండ్రుల అనుమానం ఒకటే: "టర్ఫ్ లేకుండా నేర్చుకుంటే ఏం లాభం సార్?" టర్ఫ్ అంటే కృత్రిమ గడ్డి పరిచిన మైదానం. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే పిల్లవాడి వయసు తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం. పన్నెండేళ్ల లోపు వాళ్లకు మొరం గ్రౌండే మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వయసు దాటాక టర్ఫ్ తప్పదు.

కర్రతో బంతిని కొట్టే ఆట చాలా పాతది. ఈజిప్టులో బేనీ హసన్ సమాధి గోడ మీద వంపు కర్రలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి బొమ్మకు దాదాపు 4000 ఏళ్లు. ఇప్పటి హాకీ మాత్రం 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో రూపు దిద్దుకుంది. 1886లో అక్కడ హాకీ అసోసియేషన్ ఏర్పడ్డాక రూల్స్ ఒక దారిలో పడ్డాయి. బ్రిటిష్ పటాలాల వెంట ఆట మన కంటోన్మెంట్లకు వచ్చింది. పచ్చిక మీదా, గట్టి నేల మీదా ఆడి మనవాళ్లు మణికట్టు పనితనం సాధించారు. 1928 నుంచి 1956 దాకా వరుసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు! 1928లో ధ్యాన్‌చంద్ ఒక్కరే 14 గోల్స్ కొట్టారు.

1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచకప్ గెలిచాం. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ తొలిసారి కృత్రిమ టర్ఫ్ మీద జరిగితే, మనకు ఏడో స్థానం. ఒక్క టర్ఫ్ వల్లే ఓడామనడం సరికాదు, 1980 మాస్కో స్వర్ణం టర్ఫ్ మీదే వచ్చింది. అయితే పెద్ద జట్లు కొన్ని ఆ ఒలింపిక్స్‌కు రాలేదు. ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్ పతకం చూడటానికి 2021లో జరిగిన టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక నేల సంగతి. మొరం మీద బంతి సాఫీగా రాదు. చిన్న రాయి తగిలినా స్టిక్ మీదుగా ఎగిరి మోకాలికి కొడుతుంది. అందుకే పిల్లవాడు స్టిక్‌ను కాస్త నిలువుగా పట్టి, చేతులు వదులుగా ఉంచి, బంతి ఆఖరి గెంతు దాకా దాని మీదే కన్నేసి ట్రాప్ చేస్తాడు, అంటే స్టిక్‌తో ఆపుతాడు. ఆ చూపు, ఆ వదులు చేతులు చిన్నప్పుడు వస్తేనే వస్తాయి. ఎర్ర మొరం పోసి రోలర్ తిప్పిన నేలైతే చాలు. నల్లరేగడి మాత్రం వద్దు, వానకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది.

టర్ఫ్ మీద లెక్క వేరు. బంతి నేలను పట్టుకుని దూసుకొస్తుంది. నడుం బాగా వంచి, స్టిక్‌ను దాదాపు నేలకానించి అడ్డంగా పెట్టి ఆపాలి. అదే పని మొరం మీద చేస్తే వేళ్లు గీరుకుపోతాయి. బంతిని స్టిక్‌తో ఈడ్చుకొచ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కూడా అంతే. బంతి స్టిక్ వెంట జారుతూ రావాలి కదా, మొరం మీద మధ్యలోనే గెంతి తప్పించుకుంటుంది. పదిహేనేళ్ల దాకా మొరమే తెలిసిన పిల్లవాడు టర్ఫ్ మీద సెలెక్షన్స్‌కు వెళ్తే, రాని గెంతు కోసం చూస్తుంటాడు, బంతి స్టిక్ కింద నుంచి వెళ్లిపోతుంది. ఆ టెన్షన్‌లో ఉన్న ఆట కూడా మర్చిపోతాడు. తప్పు వాడిది కాదు.

అందుకని పెద్ద టర్ఫే అడుగుదామా? 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉండే ఆ మైదానాన్ని మ్యాచ్‌కు ముందు వేల లీటర్ల నీళ్లతో తడపాలి. మే నెల ఎండల్లో, ఊళ్లో జనం ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో, ఇది ఎన్నాళ్లు నడుస్తుంది? ఇసుక చల్లిన టర్ఫ్‌కు అంత నీరు అక్కర్లేదు. జట్టుకు ఐదుగురు ఆడే చిన్న కోర్టుకు స్థలమూ ఖర్చూ తక్కువ.

ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాను చూడండి. ఆదివాసీ పల్లెల్లో మేకపోతును బహుమతిగా పెట్టి టోర్నమెంట్లు ఆడతారు. మామూలు నేల మీద మొదలైన పిల్లలు తర్వాత స్పోర్ట్స్ హాస్టళ్లకు, టర్ఫ్‌కు చేరతారు. దిలీప్ తిర్కీ ఆ జిల్లా నుంచే వచ్చి భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. ములుగు, ఏటూరునాగారం వైపు పరుగులో ఎవరికీ తీసిపోని పిల్లలున్నారు. వాళ్లకు ముందు స్టిక్‌లు, చదును చేసిన మొరం నేల, రోజూ వచ్చే కోచ్ కావాలి.

నిధులు వస్తే హనుమకొండలో ఒక్క ఇసుక టర్ఫ్ కోర్టు అడుగుదాం. పరకాల, నర్సంపేట, జనగామ పిల్లలు వారం పొడవునా సొంత ఊళ్లో మొరం మీద ఆడి, శని, ఆదివారాల్లో బస్సెక్కి వచ్చి టర్ఫ్ మీద ప్రాక్టీస్ చేస్తారు.