గుడి, చర్చి, ఓటు: ప్రభుత్వం ఎంత దూరంలో ఉంటే మేలు?

మా కోనసీమలో నామినేషన్ రోజున అభ్యర్థి తిరిగే దారి ఏ పార్టీకైనా ఒకటే. పొద్దున్నే గుళ్ళో కొబ్బరికాయ కొడతాడు. అక్కణ్ణించి పేటలో చర్చికి వెళ్తే పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తారు. దారిలో మసీదుంటే అక్కడా కాసేపు ఆగుతాడు. అన్ని మతాలనూ గౌరవిస్తున్నాడని చిన్నప్పుడు ముచ్చటపడేదాన్ని. ఆ గౌరవం అబద్ధమని ఇప్పుడూ అనను. కానీ మాది వీధికి ఇద్దరు ముగ్గురైనా పైదేశం వెళ్ళిన ఊరు. వాళ్ళు సెలవులకొచ్చి అక్కడి పద్ధతులు చెబుతుంటే, మతానికీ రాజ్యానికీ మధ్య ఎంత ఎడం ఉంటే మనకు మంచిదో ఆలోచించక తప్పడం లేదు.

మా చిన్నాన్నగారి అమ్మాయి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఆ దేశ రాజ్యాంగం రెండో అధికరణమే ఇస్లాం రాజ్యమతమని చెబుతుంది. చర్చిలున్నాయి. సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనకు ఆ రోజే వెళ్తుంది, ఎవరూ అడ్డుపెట్టరు. అయితే బయటినుంచి వచ్చినవాళ్ళు ముస్లింలు కాకపోతే వాళ్ళకు అక్కడి పౌరసత్వం చట్టం ప్రకారమే రాదు. ప్రార్థనకు చోటుండి పాలనలో చోటు లేకపోవడం మనకు పనికిరాదు, ఇక దాని గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్‌లో ఇంగ్లండుకూ రాజ్యమతం ఉంది, ఆ చర్చి బిషప్పులు 26 మంది పార్లమెంటు ఎగువ సభలో కూర్చుంటారు. అక్కడ ఏ మతం వాళ్ళయినా ప్రధాని కావచ్చు. కాగితం మీద రాజ్యమతం ఉందా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదని ఈ రెండు దేశాలూ చెబుతాయి.

ఫ్రాన్సుది దీనికి పూర్తిగా ఎదురు దారి. 1905 చట్టం ప్రకారం ప్రభుత్వం ఏ మతాన్నీ గుర్తించదు, ఏ మతగురువుకూ జీతమివ్వదు. అప్పట్లో జర్మనీ చేతిలో ఉన్న అల్సాస్, మొసెల్ ప్రాంతాల్లో మాత్రం ఆ చట్టం నేటికీ అమల్లో లేదు. 2004లో ప్రభుత్వ బడుల్లో పిల్లలు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు పెట్టుకోకూడదన్నారు. జీతాల సంగతి నాకు నచ్చింది. బడి సంగతి నచ్చలేదు. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాణ్ణీ, తలకు గుడ్డ చుట్టుకున్న పిల్లనూ గుమ్మం దగ్గర ఆపితే మా ఊళ్ళో చదువు మానేది ఆ పిల్లలే.

అమెరికాలో రాజ్యాంగపు మొదటి సవరణ 1791 నుంచీ ఉంది. ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదు, ఎవరి ఆచరణకూ అడ్డు రాకూడదు. 1954లో పన్నుల చట్టంలో ఇంకో నియమం చేర్చారు: పన్ను మినహాయింపు పొందే చర్చి గానీ గుడి గానీ ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమని చెప్పకూడదు. నాకు బాగా నచ్చిన నియమమిది. అమలు మాత్రం మొదటినుంచీ బలహీనమే. 2025లో అక్కడి పన్నుల శాఖే, ఆరాధనలో గురువు తన భక్తులతో చెప్పే మాటలకు ఇది వర్తించదని కోర్టుకు చెప్పింది.

మరి మనది? మన ప్రభుత్వం గుళ్ళోకి ఊరికే రాలేదు. 1817లోనే మద్రాసులో కంపెనీవాళ్ళు దేవాలయాల ఆస్తుల అజమాయిషీ పెట్టుకున్నారు. 1863లో వదిలేసి కమిటీలకు అప్పగించారు. ఆ తరవాత మాన్యాలు అన్యాక్రాంతమవుతున్నాయన్న ఫిర్యాదులు పెరిగి, 1920ల్లో మళ్ళీ చట్టం తెచ్చి బోర్డు పెట్టారు. అంతకన్నా పెద్ద మాట ఇంకోటుంది. దళితులకు గుడి తలుపులు తెరిచింది చట్టమే. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది, అప్పుడు మనమూ మద్రాసులోనే ఉన్నాం. తరవాత రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఆ అధికారం రాసింది. అమెరికాలోలాగా ‘గుడి సంగతి గుడివాళ్ళదే’ అని ఊరుకుని ఉంటే ఆ తలుపులు ఇంకెన్నాళ్ళు మూసి ఉండేవో! అందుకే ప్రభుత్వం పూర్తిగా తప్పుకోవాలన్న మాటకు నేను ఒప్పుకోను.

తలుపు తెరిచి, లెక్కలు చూసి ఊరుకుంటే బాగుండేది. ప్రభుత్వం మారితే గుడి ట్రస్టు బోర్డు కూడా మారుతోంది. మాన్యం కౌలు వేలంలో ఎవరి మాట చెల్లుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. అర్చకులకు ధూపదీప నైవేద్యాల పథకం ముందునుంచే ఉంది. గత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000, ఇమాములకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. పేద పూజారి, పేద పాస్టరు బతకాలి, కాదనను. వాళ్ళను పోషించాల్సింది మనం, భక్తులం. నెలజీతం సర్కారుదైతే, ఊళ్ళో ఇసుక తవ్వకం మీదో మరో అన్యాయం మీదో నాయకుణ్ణి నిలదీసే నోరు వాళ్ళకుంటుందా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కుల సర్టిఫికెట్టు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులను బీసీ-సీలో పెట్టారు, ఆ వాటా 1 శాతం. మా డెల్టాలో 1830ల నుంచీ నరసాపురం చుట్టూ మిషనరీలు పనిచేశారు, పేటల్లో నాలుగైదు తరాల విశ్వాసులున్నారు. ఆదివారం చర్చి, కాగితం మీద హిందూ. పేటలో ఎవరిమీదైనా దాడి జరిగి అట్రాసిటీ కేసు పెడితే, అవతలి లాయరు ముందుగా తీసేది ‘చర్చికి వెళ్ళేవాడు ఎస్సీ ఎలా అవుతాడు?’ అన్న ప్రశ్నే. చర్చికి వెళ్ళినంతమాత్రాన చెరువు గట్టు మీద ఎవరూ కులం మరిచిపోలేదు. ఫ్రాన్సులోనూ అమెరికాలోనూ సాయం అడిగినవాణ్ణి ఏ దేవుడికి మొక్కుతావని అడగరు.

కాబట్టి నాకు ఏ ఒక్క దేశం పద్ధతీ యథాతథంగా వద్దు. గుడి తలుపు తెరిపించే అధికారం మనదే ఉండాలి. జీతాల విషయంలో ఫ్రాన్సు దారి మేలు. వేదిక మీంచి ఓటు అడగడం మీద అమెరికా 1954 నియమం మేలు, అదీ గట్టిగా అమలైతే. అభ్యర్థి విషయంలో మనకూ చట్టముంది: 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3), మతం పేరుతో ఓటు అడగడాన్ని అక్రమమంటుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పినా తప్పేనని సుప్రీంకోర్టు 2017లో 4–3తో తేల్చింది.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. 2015లో మొదటిరోజే రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా పోయారు. ఈసారి ప్రభుత్వం తన డబ్బూ మనుషుల్నీ మెట్ల మీద, బారికేడ్ల మీద, అంబులెన్సు దారి మీద పెట్టాలి. సంకల్పం చెప్పించడానికి పురోహితులున్నారు.