మెల్‌బోర్న్ టైటిళ్లు రెండు: ఫెదరర్ 2017, నాదల్ 2022... ఏది మేలు?

రెండూ టెన్నిస్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ టైటిళ్లే. గెలిచేనాటికి ఇద్దరికీ 35 ఏళ్లే. ఇద్దరూ గాయాలతో ఆటకు దూరమై, పెద్దగా ఆశలు లేకుండా మెల్‌బోర్న్‌లో అడుగుపెట్టినవాళ్లే. 2016లో ఫెదరర్‌కు మోకాలి ఆపరేషన్ జరిగింది. వింబుల్డన్ సెమీస్‌లో ఓడాక ఆ ఏడాది మళ్లీ రాకెట్ పట్టుకుని టోర్నీల్లోకి రాలేదు. నాదల్‌ది పాదం గాయం. 2021 ఫ్రెంచ్ ఓపెన్ తర్వాత ఆ ఏడాదంతా కలిపి టూర్‌లో ఆడినవి రెండే మ్యాచ్‌లు. దానికి తోడు డిసెంబర్‌లో కోవిడ్ వచ్చింది.

ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగితే చాలామంది వెంటనే నాదల్ పేరు చెబుతారు. ఎందుకో అర్థం చేసుకోవచ్చు. ఆ ఫైనల్ అలాంటిది. ఎదురుగా ఉన్నది మెద్వెదెవ్, అంతకు కొన్ని నెలల ముందే యూఎస్ ఓపెన్ గెలిచినవాడు. నాదల్ మొదటి రెండు సెట్లు 2-6, 6-7తో పోగొట్టుకున్నాడు. మూడో సెట్‌లో 2-3తో వెనకబడి, తన సర్వీస్‌లోనే 0-40, అంటే ఇంకొక్క పాయింట్ పోతే గేమ్ పోయినట్టే. అక్కడ ఒక్క పాయింట్ పోయి ఉంటే మ్యాచ్ దాదాపు ముగిసినట్టే. ఆ గేమ్ నిలబెట్టుకున్నాడు, ఆ సెట్ గెలిచాడు, నాలుగోదీ గెలిచాడు. ఐదో సెట్‌లో 5-4 దగ్గర టైటిల్ కోసం సర్వీస్ చేస్తూ బ్రేకయ్యాడు, అంటే తన సర్వీస్ గేమ్‌నే పోగొట్టుకున్నాడు. ఇంకొకరైతే అక్కడే కుప్పకూలేవాళ్లు. నాదల్ మాత్రం మరుసటి గేమ్‌లోనే మెద్వెదెవ్ సర్వీస్ బ్రేక్ చేసి 7-5తో ముగించాడు. మొత్తం 5 గంటల 24 నిమిషాలు. అది అతనికి 21వ గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీల్లో ఒకటి) టైటిల్, అప్పటికి పురుషుల్లో ఎవరికీ లేనన్ని. ఒక్క ఫైనల్‌నే తూకం వేస్తే పోటీయే లేదు, నాదల్‌దే పైచేయి.

కానీ నేను అడుగుతున్నది ఫైనల్ గురించి కాదు, రెండు వారాల ప్రయాణం గురించి. అక్కడికొచ్చేసరికి నా ఓటు ఫెదరర్‌కే.

డ్రా చూస్తే తేడా తెలుస్తుంది. నాదల్ ఆరో సీడ్ (ర్యాంకును బట్టి డ్రాలో ఇచ్చే స్థానం). ఫైనల్‌కు ముందు అతనికి ఎదురైన టాప్-10 ఆటగాడు బెరెట్టినీ ఒక్కడే. క్వార్టర్స్‌లో షపోవలోవ్ మాత్రం చుక్కలు చూపించాడు. ఎండ వేడికి నాదల్ నీరసపడి, ఐదో సెట్ దాకా వెళ్లి గట్టెక్కాడు. ఫెదరర్‌ది 17వ సీడ్. ఆ సీడింగ్‌తో ఆడేవాడికి మూడో రౌండ్ నుంచే పెద్దవాళ్లు తగులుతారు. బెర్డిచ్, నిషికోరి, వావ్రింకా, చివరికి ఫైనల్లో నాదల్: నలుగురూ టాప్-10 వాళ్లే. నిషికోరితో ఐదు సెట్లు, అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ వావ్రింకాతో ఐదు, నాదల్‌తో ఐదు. ఆరు నెలలు టోర్నీ ఆడని కాళ్లతో! అదృష్టం కూడా కలిసొచ్చింది, కాదనను. రెండో సీడ్ జొకోవిచ్ రెండో రౌండ్‌లోనే ఇస్తోమిన్ చేతిలో ఓడాడు, టాప్ సీడ్ ముర్రేను మిషా జ్వెరెవ్ ఇంటికి పంపాడు. ఫైనల్‌కు ముందు ఫెదరర్‌కు నాదల్ కన్నా ఒక రోజు ఎక్కువ విశ్రాంతి దొరికింది. అయితే 2022లో జొకోవిచ్ అసలు బరిలోనే లేడు, టీకా వివాదంలో వీసా రద్దయి వెనక్కి వెళ్లిపోయాడు. కాబట్టి ఆ లెక్క రెండు వైపులా సరిపోతుంది.

నా మనసు అటు మొగ్గడానికి అసలు కారణం మాత్రం ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్. ఏళ్ల తరబడి నాదల్ అతన్ని ఓడించింది ఒకే సూత్రంతో. ఎడమచేతి ఫోర్‌హ్యాండ్‌తో విపరీతమైన టాప్‌స్పిన్ (బంతి నేలను తాకాక ఎత్తుగా లేచేలా తిప్పడం) వేసి, బంతిని ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు భుజం ఎత్తులో లేపడం. 2007 వింబుల్డన్ ఫైనల్ తర్వాత గ్రాండ్‌స్లామ్‌లలో ఫెదరర్ అతనితో ఆరుసార్లు తలపడితే ఆరుసార్లూ ఓడాడు. 2017 మెల్‌బోర్న్ ఫైనల్ రాత్రి మాత్రం ఫెదరర్ వెనక్కి తగ్గలేదు. బేస్‌లైన్ మీదే నిలబడి, బంతి పైకి లేవకముందే బ్యాక్‌హ్యాండ్‌తో బలంగా బాదాడు. ముప్పై దాటాక 90 చదరపు అంగుళాల రాకెట్ వదిలి 97కు మారిన ఫలితం కూడా అందులో కనిపించింది. ఐదో సెట్‌లో 1-3తో వెనకబడినప్పుడు, 'మళ్లీ పాత కథే' అని నాకు గుండె జారిపోయింది. అక్కడినుంచి వరసగా ఐదు గేమ్‌లు గెలిచాడు. 4-3 దగ్గర 26 షాట్ల ర్యాలీని ఫోర్‌హ్యాండ్ విన్నర్‌తో ముగించిన తీరును ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

నాదల్ 2022లో గెలిచింది తనకు ఎప్పటినుంచో ఉన్న ఆయుధంతోనే, ఓటమిని ఒప్పుకోని ఆ గుణంతోనే. ఫెదరర్ అలా కాదు. ఏళ్లుగా తనను ఓడిస్తూ వచ్చిన బలహీనతను 35 ఏళ్ల వయసులో సరిదిద్దుకుని, దాన్ని కనిపెట్టిన మనిషి మీదే ప్రయోగించి గెలిచాడు. చాంపియన్‌షిప్ పాయింట్‌కు నాదల్ రివ్యూ అడిగాడు. తెరమీద బంతి గీతకు తగిలినట్టు కనిపించాకే ఫెదరర్ గాల్లోకి ఎగిరాడు. వింబుల్డన్ 2012 తర్వాత అతను గెలిచిన మొదటి గ్రాండ్‌స్లామ్ అది.